అమ్మ ముడివేసే పోగులు

గద్వాల నుంచి తమ్ముడు రాసేది.

అన్నా, యుద్ధం వచ్చినప్పటి నుంచి ఇక్కడికి నూలూ పట్టూ రావడం లేదు. మీ షోలాపూర్ మిల్లులో ఏమైనా దొరుకుతుందేమో అడుగు.

చూపు పోయినా అమ్మ ఊరికే కూర్చోదు. మగ్గం కింద పడిన తెగిన పోగులను ముడివేసి ఇస్తుంది, వాటితోనే నేస్తున్నాను. పోయిన వారం అవీ అయిపోయాయి. నాయన నేసిన ఆమె పెండ్లి చీర పెట్టెలో ఉంది కదా, దాని పట్టు అంచు విప్పి ఆ పోగులే ఆమె ఒళ్లో పోశాను. అవి ఏ చీరవో చెప్పలేదు.

నిన్న ఒక పోగును ముక్కు దగ్గర పెట్టుకుని, "గిది ఎవరో ఏండ్లు దాసుకున్న చీర. ఆమెను అడిగే విప్పినవా కొడుకా?" అన్నది.

అంచు లేని ఆమె చీరను మడిచి మళ్లీ పెట్టెలో పెట్టాను. నూలు దొరక్కపోయినా నువ్వు ఒకసారి రా.