ముందుగది మేకులూ, అమ్మ చెప్పులూ

ఈ వీధిలో అందరూ సీమటపాకాయ అని పిలిచే కుట్టుపనిమనిషినైన నేను, యాభై రెండేళ్ళ వయసులో, నా బుద్ధి నా దగ్గరే ఉండగా రాసుకుంటున్న వీలునామా ఇది. ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్నానని కూడా చేర్చమన్నాడు దస్తావేజుల లేఖరి. అది మాత్రం రాయలేను. ఈ నాలుగు ముక్కలు రాసేలోపే ఇద్దరొచ్చి తాళంచెవులు అడిగారు, ఇంకొకాయన తనది పెట్టి వెళ్ళాడు. లేచి ఇచ్చి, మళ్ళీ కూర్చుని, ఎక్కడ ఆపానో వెతుక్కుంటున్నాను. అమ్మ పోయినప్పటి నుంచీ నా బతుకు ఇంతే.

వచ్చే సోమవారం నా కడుపు కోసి పిత్తాశయంలో రాళ్ళు తీస్తారు. డాక్టరు చిన్న ఆపరేషనే అన్నాడు. కడుపు తనది కాదు కదా, చిన్నదే అంటాడు.

ఒకటి. అమ్మ నాకిచ్చిన రెండు గదుల ఇల్లు, నా కుట్టుమిషను, అమ్మ ఇస్త్రీ బల్ల నా కూతురికి చెందాలి. మా ఆయనకు ఏమీ రాయడం లేదు. ఆయనకు రావలసింది పోతూ పోతూ ఆయనే పట్టుకుపోయాడు.

రెండు. ముందుగది గోడమీది మేకుల సంగతి. వీలునామాలో కథలు వద్దంటాడు లేఖరి. ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివినదాన్ని, ఒక్కో విషయం రెండుసార్లు చెబితేగానీ నాకు తృప్తి ఉండదు.

అమ్మ ఆ గదిలో ఇస్త్రీ చేసేది. ఎప్పుడూ ఇంట్లోనే ఉండేది కనుక పక్కింటి నర్సమ్మ డ్యూటీకి వెళ్తూ, కొడుకు బడినుంచి వస్తే ఇవ్వమని తాళంచెవి ఇచ్చింది. అమ్మ గోడకు మేకు కొట్టి తగిలించింది. అంతే, చీమలకు బెల్లం కనబడ్డట్టు వీధంతా మొదలెట్టింది. తాళంచెవి ఇచ్చినవాళ్ళు దాంతోపాటు ఇల్లు కూడా ఇచ్చేవాళ్ళు. కుళాయి కట్టేశామో లేదో చూడు పిన్నీ, పిల్లికి పాలు పొయ్యి అత్తా, మిస్త్రీ వస్తే పక్కనే నిలబడు అక్కా. ఒకసారి నేను సరదాకి మేకులమీది తాళంచెవులన్నీ తారుమారు చేశాను. అమ్మ కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ తడిమి ఎక్కడివక్కడ పెట్టేసి, నా నెత్తిన ఒక్కటిచ్చింది.

ఎదురింటి డ్రైవర్ తాతయ్య ఈరోజు బతికున్నాడంటే ఆ గోడవల్లే. రోజూ పొద్దున్నే తాళంచెవి ఇచ్చి వెళ్ళే ఆయన మేకు ఒకరోజు ఖాళీగా ఉండిపోయింది. ఈ మనిషి ఇంకా బయటికి రాలేదేమిటని అమ్మ వెళ్ళి తలుపు పగలగొట్టించింది. తాతయ్య స్నానాలగదిలో కాలు విరిగి పడున్నాడు. అందుకే మా అమ్మను తలుచుకుంటే ఈ వీధిలో ముసలాళ్ళు కూడా చేతులెత్తి దణ్ణం పెడతారు. ఆమె గొప్పతనంలో నేను గింజంత కూడా కోత పెట్టడం లేదు.

కానీ ఇదీ రాయాలి. వీధి మొత్తం తాళంచెవులున్న మా ఇంటికి తాళం లేదు. బయట గొళ్ళెం కూడా లేదు. అవసరం రాలేదు, ఎప్పుడూ ఎవరో ఒకరు లోపల ఉండాల్సిందే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి అమ్మ గోడతో అన్నట్టుగా అంది, “ఇవాళ ఎవరూ రాకపోతే బావుణ్ణు.” అంతలోనే గుమ్మంలో “పిన్నీ!” అని కేక. నవ్వుకుంటూ లేచింది.

మూడు. మా అన్నయ్యకు. అమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ పని వదిలి, పసిపిల్లను చంకనేసుకుని, నెలరోజులకని వచ్చాను. ఆ పిల్ల అమ్మమ్మ ఇస్త్రీ బల్ల కింద పెరిగి, తాళంచెవుల గలగల వింటూ నిద్రపోయేది. ఆ నెల ఇంకా అవలేదు. అమ్మను సాగనంపి వచ్చిన రోజున అన్నయ్య నా భుజం తట్టి, “అమ్మ పేరు నిలబెట్టేది నువ్వేనమ్మా” అని చెప్పి బస్సెక్కాడు. నర్సమ్మ నా చేతిలో తాళంచెవి పెట్టి, “ఇక మాకు నువ్వే మీ అమ్మవి” అంది. ఏడుస్తున్న మనిషి చేతిలో ఏం పెట్టినా పట్టుకుంటుంది. కాబట్టి గోడమీది మేకులన్నీ పీకి, డబ్బాలో వేసి మా అన్నయ్యకు పంపాలి. వాళ్ళ హాల్లో గోడ తెల్లగా, ఖాళీగా ఉంది. అమ్మ పేరు అక్కడ కొన్నాళ్ళు నిలబెట్టుకోవచ్చు.

నాలుగు. ఎవరి తాళంచెవి వాళ్ళకు తిరిగిస్తే అమ్మ ఊరుకోదు. అందుకని ప్రతి ఇంటి తాళంచెవీ దాని పొరుగింటికో ఎదురింటికో చెందుతుంది. నర్సమ్మది తాతయ్యకు, తాతయ్యది నర్సమ్మకు. అమ్మ ఒక్కతే మోసిన గోడ ఇది. తలా ఒక మేకు మోస్తే ఎవరి నడుమూ విరగదు. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత డ్రైవర్ తాతయ్యది. గొణుగుతాడు, కానీ చేస్తాడు.

ఐదు. నా కూతురికి ఓడరేవులో క్రేన్ నడిపే ఉద్యోగం వచ్చింది. ఒకటో తారీకున చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. మొన్న నా మంచం పక్కన కూర్చుని అంది, “నెలే కదమ్మా. నువ్వు లేచి తిరిగాక వెళ్తాలే. ఈలోగా తాళాలు నేను చూసుకుంటా.” అన్నయ్య ఫోన్లో, “అచ్చం అమ్మమ్మ పోలిక, మా బంగారుతల్లి” అన్నాడు. ఈ ఇంట్లో ఎవరినైనా బంగారుతల్లీ అన్నారంటే బేడీలు కొలతకు వచ్చాయన్నమాటే. ఆ రాత్రి నాకు రాళ్ళ నొప్పి తెలియలేదు. ఆ “నెలే కదా” అన్న మాటే పొడిచింది.

కాబట్టి నా కూతురికి రెండు వస్తువులు ప్రత్యేకం. మొదటిది, అమ్మ మంచం కింది చెప్పులు. తన చెల్లెలి ఊరికి వెళ్దామని కొనుక్కుంది. తోలు ఎండిపోకుండా ఏటా నూనె రాసేది. అడుగులు కొంచెం కూడా అరగలేదు. నీ కాలికి సరిపోతాయి, నువ్వు నిద్రపోతుండగా కొలిచి చూశాను. అరగదియ్యి. రెండోది, వీధి తలుపుకు వడ్రంగి బిగించిన కొత్త తాళం. దానికి తాళంచెవులు రెండు. ఒకటి నీది, ఒకటి నాది. నీది ఏ గోడకీ తగిలించకు. ఆస్పత్రిలో నా పక్కన ఉండడానికి నర్సమ్మ ఒప్పుకుంది. నువ్వు బయల్దేరు తల్లీ. ఇంత తిట్టుబోతు అమ్మను వదిలిపెట్టడానికి ఏడుపెందుకే?

ఆరు. మూడు, నాలుగు, ఐదు క్లాజులు నేను చచ్చేదాకా ఆగవు. ఇవాళే అమలవుతాయి. బతికుండగా జరిగేదాన్ని వీలునామా అనరమ్మా అన్నాడు లేఖరి. పేరేదైనా పెట్టుకో నాయనా అన్నాను.

తేదీ ఈ నెల పద్నాలుగు, ఆదివారం. మా ఇంటి మెట్లమీద, బయట కూర్చుని సంతకం చేస్తున్నాను. వెనక తలుపుకు తాళం పడింది. లోపల ఎవరూ లేరు. ఎక్కడికి వెళ్ళాలో మాత్రం ఇంకా తట్టలేదు.

(సంతకం) సీమటపాకాయ

సాక్షులు:
1. తాళం బిగించిన వడ్రంగి.
2. పక్కింటి నర్సమ్మ. అలవాటు చొప్పున తాళంచెవి కోసం వచ్చింది. అది ఎదురింట్లో ఉందని చెప్పినా వెళ్ళకుండా, నా పక్కన మెట్టుమీద కూర్చుంది.