కాగితం రిబ్బన్‌కి నా కత్తెర ఇవ్వను

మే 4
వెర్నా ఫోన్ చేసింది. మా ఊరి మ్యూజియం ప్రెసిడెంట్ కదా, హలో కూడా ఆర్డర్ వేసినట్టే అంటుంది. శనివారం కుట్టుపనుల గది ఓపెనింగ్. మేయర్ రిబ్బన్ కట్ చేస్తాడట. మీ అమ్మమ్మ కత్తెరతో అయితే ఫొటో అదిరిపోతుంది ఆర్డిస్, అంది.

సరే అన్నాను. పొంగిపోయాను కూడా. ఆ గదిలోని పాత కత్తెరలు, వేలితొడుగులు, సూదిపెట్టెలు సగం నావే. ఒహాయో అంతా తిరిగి, పోయినవాళ్ల ఇంటి సామాను అమ్మే ఎస్టేట్ సేల్స్‌లో ఏరి తెచ్చాను. అమ్మమ్మ కత్తెర మాత్రం కొన్నది కాదు. షర్టుల ఫ్యాక్టరీలో దానితోనే గుడ్డ కోసి ఆవిడ పిల్లల్ని పెంచింది.

మే 6
రిబ్బన్ చూశాను. కాగితం!

మే 6, సాయంత్రం
గుడ్డ కోసే కత్తెరతో కాగితం కోస్తే పదును చచ్చిపోతుంది. కుట్టుపని చేసే ఇంట్లో పసిపిల్లకి కూడా తెలుసు. అందుకే పిడికి ఎర్రదారం కడతాం, ఎవరూ ముట్టుకోకుండా. మా ఆయన వాల్ట్ ఒకసారి అమ్మమ్మ కత్తెరతో గిఫ్ట్ పేపర్ కోసి, ఆ క్రిస్మస్ అంతా సోఫా మీదే పడుకున్నాడు. ఇప్పుడు ఉంటే మేయర్‌కి ఆయనే బుద్ధి చెప్పేవాడు.

సిల్క్ రిబ్బన్ నేను తెస్తానన్నాను. వెర్నా కుదరదంది. కాగితం మీద దాతల పేర్లు ప్రింట్ చేయించారట. ఒక్క కోతకే అరిగిపోతుందా తల్లీ, ఎందుకింత రాద్ధాంతం, అంది. సూదిలో దారం ఎక్కించడం రాని మనిషి! ఇవ్వకపోతే నీ సామానంతా నువ్వు తీసుకుపో, అని కూడా అంది.

తీసుకుపోతాను. నాకేం భయమా?

మే 7
భయమే. ఇంట్లో పెట్టెల్లో పడి ఉంటే వాటిని ఎవరు చూస్తారు? నేను పోయాక ఇంటి ముందు యార్డ్ సేల్‌లో కారుచౌకగా పోతాయి. పొద్దున్నుంచీ ఏడుపొస్తోంది.

అయినా ఇవ్వను.

మే 9, శనివారం
మేయర్ చేతిలో నా వంటింటి కత్తెర పెట్టాను. చికెన్ కోసేది. పాపం, ఆయన నవ్వుతూనే కోశాడు. వెర్నా మొహం మాడిపోయింది. సోమవారంలోగా నీ సామాను ఖాళీ చెయ్యి, అని అందరి ముందూ అరిచింది.

అప్పుడు లోయిస్ లేచింది. బొంతలు కుట్టే మా క్విల్ట్ గ్రూపులో నోట్లో నాలుక లేని మనిషి. గదిలో మిగతా సగం సామాను ఆ గ్రూపు వాళ్లదే. కాగితమని మాకెవరూ చెప్పలేదే, అయితే మావి కూడా తీసేస్తాం, అంది. గ్రూపంతా లేచి నిలబడింది.

మే 11
అద్దాల బీరువాలన్నీ ఖాళీ అయ్యాయి. ఇప్పుడు వాటిలో ఏం పెట్టుకోవాలని వెర్నా ఫోన్‌లో అరిచింది.

రిబ్బన్ పెట్టుకోమన్నాను.