కింద ఒక గది

అమీర్‌పేట,
ఆదివారం

చిరంజీవి తారక్‌కి పిన్ని ఆశీస్సులు.

మన పాత ఇల్లు పడగొట్టి కట్టే అపార్ట్‌మెంటుకి నువ్వు గీసిన ప్లాను చూశాను. పూజగది, ఈశాన్యం అన్నీ కుదిరాయి. కానీ కింద, గేటు పక్కన, కుళాయితో ఒక గది కావాలి. కారణం చెబితే గాని నాకు స్థిమితం ఉండదు.

పోయిన నెల, మన కింద వాటాలో అద్దెకుండే రాజనర్సయ్య భార్య చిలకమ్మ ఆసుపత్రిలో చనిపోయింది. అతను ఫోన్ చేస్తే, "ఇంటికి తీసుకురావద్దయ్యా. నక్షత్రం మంచిది కాదట, ఇల్లు మూసేయాల్సి వస్తుంది" అన్నాను. పద్నాలుగేళ్లు మన వాకిట్లో ముగ్గు వేసిన మనిషికి సందులోనే స్నానం చేయించారు. ఆడవాళ్లు చుట్టూ చీరలు అడ్డం పట్టుకున్నారు. నేను పైన కిటికీ మూసుకున్నాను.

నిన్న అతన్ని పిలిచి, కొత్త ఇంట్లోనూ వాటా మీకే ఇస్తానన్నాను. "గా ఇంట్ల నేను సచ్చిపోతే, నన్ను సుత సందులనే పండవెడ్తరా అమ్మా?" అని మెల్లగా అడిగాడు. అతను వెళ్లాక నీ ప్లాను మళ్లీ తీసి చూశాను.

మీ బాబాయి, ఇలాంటి గది గీయించడమే అపశకునం అంటున్నారు. ప్లానులో వాచ్‌మన్ గది అని రాసెయ్. తలుపు మాత్రం, నలుగురు ఒక మనిషిని మోసుకుని లోపలికి వచ్చేంత వెడల్పు పెట్టు.

ఇట్లు,
పిన్ని