అడవికోడి ఈక లేని ఫ్లై

రఘూ,

నువ్వు పోయి ఏడాదైంది. సాల్మన్ చేపకు ఎరగా రంగురంగుల ఈకలతో నువ్వు కట్టిన ఆఖరి ఫ్లైని అల్ఫారెట్టాలో ఫ్లైలు కట్టేవాళ్ళ మీ క్లబ్‌కి తీసుకెళ్ళి, అద్దాల బీరువాలో పెట్టమన్నాను. ప్రెసిడెంట్ భూతద్దంతో చూసి, "బ్యూటిఫుల్. కానీ ఇది అడవికోడి ఈక కాదు, రంగేసిన కోడి ఈక. పాత బ్రిటిష్ పద్ధతి ప్రకారం ఒరిజినల్ కాదు" అన్నాడు.

ఒళ్ళు మండింది. దొరలు మన అడవులు ఊడ్చి తెచ్చుకున్నవే ఒరిజినలా? గంటసేపు వాదించాను. "అడవికోడి ఈక వాడొద్దన్న నీ పోరు పడలేక రంగేశాన్రా బాబూ" అని నువ్వన్న మాట మాత్రం చెప్పలేదు. చివరికి అతను విసిగిపోయి, రంగేసిన ఈక ఎందుకో రాసిస్తే ఆ కాగితంతో పాటు ఫ్లైని బీరువాలో పెడతానన్నాడు. పేజీ నిండా రాశాను.

ఇప్పుడు వచ్చినవాళ్ళంతా నా కాగితం చదువుకుని వెళ్ళిపోతున్నారు. నీ ఫ్లైని ఒక్కడూ చూడటం లేదు.

రేపు వెళ్ళి ఆ కాగితం తీసేస్తాను. అడవికోడి ఈకే అనుకుంటే అనుకోనీ.