పాల మల్లమ్మ ఇచ్చిన బొంత

గౌలిపుర, 1971 ఆగస్టు, శనివారం రాత్రి

బోధకుడా, నిన్ను నువ్వే అడుగు: నీ ప్రసంగం విని జనం ఇచ్చిన బట్ట రేపు ఎవరి బిడ్డను కప్పుతుందో ఆలోచించావా?

బెంగాల్ కాందిశీకుల కోసం యూనివర్సిటీ పిల్లలు శాలిబండలో బట్టలు పోగుచేస్తున్నారు. రెండంగీలున్నవాడు ఒకటి ఇవ్వాలని అరుగెక్కి గర్జించాను. సాయంత్రానికి గుట్టయింది. "నీ నోరుండంగ మాకు మైకెందుకన్నా!" అని వాళ్ళ నాయకుడు రవి నవ్వాడు.

అప్పుడే మా వాడ పాల మల్లమ్మ ఎర్రంచు బొంత తెచ్చి వేసింది. పోయిన వారం ఆమె కూతురు మశూచితో పడుకున్నది ఆ బొంత మీదే. పక్కన కూర్చుని ప్రార్థన చేసింది నేనే.

చాటుకు పిలిచి అడిగాను.

"తల్లి దిగినంక ఇంట్ల ఉంచొద్దు గదన్నా, గందుకే దానమిచ్చిన. నోరు తెరువకు, నీ కాల్మొక్త. తెలిస్తే పిల్లను అంటురోగాల కోరంటి దవాఖానకు గుంజుకపోతరు."

నోరు మూసుకున్నాను. నా కళ్ళముందే మూట కట్టేశారు.

తెగులు తగిలిన బట్టను కాల్చమనే బైబిలు అధ్యాయం ఇప్పుడు నా ఎదుట తెరిచి ఉంది. ఆ కాందిశీకుల గుడారాల్లో ఇప్పటికే కలరా అంటున్నారు. దాని మీద ఇది కూడానా...

తెల్లవారితే ఆ మూటల లారీ కదులుతుంది. మల్లమ్మ శపిస్తే శపించనీ. లే. ఇప్పుడే శాలిబండకు పరుగెత్తు. రవిని లేపు. ఆ మూట విప్పకుండానే తగలబెట్టించు.