మీ నాన్న గేటు దాకా నడిచాడు

గ్వాలెగ్వాయ్,
ఆగస్టు 19.

చిరంజీవి నహీర్‌కు నానమ్మ దీవెనలు.

ఇక్కడ నేను క్షేమం. మీ నాన్న కూడా క్షేమమే. ఆ మాట విడిగా ఎందుకు రాశానో చదివితే తెలుస్తుంది. ముందు నీ ప్రశ్నలకు జవాబులు. పైకప్పు బాగు చేయించాను. మేస్త్రీ రెండు రేకులు తక్కువ వేశాడు. నిచ్చెన కింద నిలబడి అతని చేతే లెక్కపెట్టించాను. నీ ఉన్ని శాలువా సగం అయింది. మోచేతులు బల్ల మీద ఆనించి తినడం మానేశావా? ఆ సంగతి నువ్వు రాయలేదు.

నాన్న నెలనెలా ఆసుపత్రికి వెళ్ళి మందు ఎక్కించుకుంటున్నాడా అని అడిగావు. లేదు. రెండు నెలలుగా వెళ్ళలేదు.

తేనెటీగ విషంలోని మెలిటిన్ మీద రొసారియోలో మీరు చేస్తున్న పని గురించి నువ్వు రాసినదంతా అతనికి చదివి వినిపించాను. మీ నాన్నకున్న జబ్బులో నరాల మీది పొరను తినేసే మంట, ఎలుకల్లో కొంత తగ్గిందన్నావు. ఎలుకలన్న మాట అతను వినలేదు. "మందు విషంలోనే ఉందని నా కూతురే అంటోంది" అని వీధంతా చెప్పాడు. అతను నడవలేకుండా అయినప్పటి నుంచి మన తేనెపెట్టెలు చూసుకుంటున్న కసిల్డా మర్నాడే ఒక సీసాలో తేనెటీగలు పట్టి తెచ్చింది. "మీ పుస్తకాలు ఆయన్ని లేపలేదు కదా టీచరమ్మా, ఇవి లేపుతాయి చూడండి" అంది. నేను ఆమెను గడప దాటనివ్వలేదు. ఇంతవరకే నీకు పోయిన ఉత్తరంలో రాశాను.

రాయనిది ఇది. వారం తర్వాత ఆ సీసా నేనే అడిగి తెచ్చుకున్నాను. ఈగను పట్టకారుతో పట్టి మీ నాన్న వీపు మీద ఆనించింది నేనే. ఆ వారంలో అతను చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. నేను చెంచాతో తినిపిస్తుంటే నా ముఖం చూడలేక కళ్ళు మూసుకునేవాడు. కుట్టించేముందు భయం లేదా అని అడిగితే, "ఇరవై ఏళ్ళు కుట్టించుకున్న ఒళ్ళమ్మా ఇది. ఈగలకు నేను మేనమామని" అని నవ్వాడు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం కర్ర లేకుండా గేటు దాకా నడిచాడు. ఈ జబ్బు ఒక్కోసారి తనంతట తానే తగ్గి మళ్ళీ వస్తుందని నాకు తెలుసు. ఒక్కసారి జరిగినది రుజువు కాదని పిల్లలకు జీవితమంతా నేర్పాను. అయినా ఆ ఉదయం చేతిలో మాతె టీ చల్లారిపోతుంటే, ఈగలే నడిపించాయని నమ్మాను.

పోయిన మంగళవారం ఈగ కుట్టిన కాసేపటికే పెదవులు వాచాయి, ఊపిరి అందలేదు. కసిల్డా తన వ్యానులో ఆసుపత్రికి చేర్చింది. అడ్రినలిన్ సూది వేసి బతికించారు. రోజూ కుట్టించుకునే ఒంటికి ఉండే ఓర్పు, కొన్నేళ్ళు పెట్టెలకు దూరమైతే పోవచ్చునట. తేనెటీగల వాళ్ళం, ఇంట్లో ఒక్కరికీ అది తోచలేదు.

ఇంటికి వచ్చాక నిన్న మళ్ళీ సీసా అడిగాడు. ఇవ్వనన్నాను.

"చావలేదుగా అమ్మా. నడిచాను. నువ్వూ చూశావు."

"చూశాను."

"మరి?"

"ఎందుకు నడిచావో నాకు తెలీదు నాయనా."

అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

నేను చెబితే తల్లి భయం అంటాడు. డాక్టరు చెబితే డాక్టరు గర్వం అంటాడు. నీ మాట ఒక్కటే వింటాడు. ఆదివారం బస్సెక్కి రా. నువ్వు వెతుకుతున్న మందు ఇంకా పుట్టలేదని, అది పుట్టే రోజుకు తను ఉండాలంటే ఇప్పుడున్న మందు ఎక్కించుకోవాలని ఎదురుగా కూర్చుని చెప్పు. నువ్వు ఆ చదువులోకి వెళ్ళిందే అతని కోసం. ఆ మందు ఇంకా లేదని నీ నోటితో చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా చెప్పాలి.

విన్నాక నీతో కూడా మాట్లాడటం మానేయవచ్చు. అప్పుడు మనిద్దరం వంట చేసి, అతని పళ్ళెం అతని మంచం దగ్గరే పెట్టి, అక్కడే కూర్చుని తిందాం.

ఇట్లు,
నీ రాక కోసం చూసే నానమ్మ,
డెల్ఫినా