ఓడెట్ పలకకు మైనం

మెయిన్ రాష్ట్రం అడవి, కలప క్యాంపు
సోమవారం, జనవరి 1987

లూసియన్‌కు,

ఇక్కడ అంతా క్షేమం. మా ఓడెట్‌కు స్నోబోర్డు పలక చెక్కడం పూర్తయింది. కలప లారీలో నీ ఇంటికి పంపాను.

పైక్ కొండ మీద పిల్లకి పరీక్ష వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం. కాన్వెంటు హాస్టలు వాళ్లు శనివారం సాయంత్రం దాకా పంపరు. కాబట్టి పలక అడుగుకు మైనం నువ్వే పట్టాలి. పరీక్ష పెట్టేదీ నువ్వే. స్నోబోర్డులు కొండ ఎక్కకూడదని మీ స్కీ కమిటీలో అందరికంటే గట్టిగా అరిచిందీ నువ్వే. తెలుసు. ఇంకెవరూ లేరు.

ఆకుపచ్చ మైనం కడ్డీ పలకతోనే ఉంది. దాన్ని వేడి ఇస్త్రీపెట్టెకు ఆనించి అడుగంతా చుక్కలు రాల్చు. పెట్టెతో పరిచెయ్యి, ఒకచోట ఆపకు. చల్లారాక గీకెయ్యి.

రొసేర్

తా.క. ఫోను చేయకు. ఇక్కడ ఫోను వంటవాడి పొయ్యి పక్కన ఉంది. పరీక్ష పెట్టేవాడే పలకకు మైనం పడుతున్నాడని వాడికి తెలిస్తే మీ కమిటీకి తెలిసినట్టే.


వెర్మాంట్, పైక్ కొండ కింద
గురువారం

బావకి లూసియన్ నమస్కారం.

నీ ఉత్తరం కంటే దగ్గుమందు సీసా మీద చీటీ పొడుగ్గా ఉంటుంది. "క్షేమం" అని ఒక్క మాట. మా అక్కను పెళ్లి చేసుకుంటానని మా నాన్నను అడిగినప్పుడు కూడా ఇంతకంటే ఎక్కువ మాట్లాడలేదట నువ్వు.

పలక చేరింది. వంటింటి బల్ల మీద పడుకోబెట్టాను. మా ఆవిడ డెల్ఫీన్ చూసి, "ఏమయ్యా, ఇదేమిటి, ఎవరిదైనా శవపేటిక మూతా?" అంది. నీ పనితనం బాగుందని ఒప్పుకుంటున్నాను. ఆ పలకలు కొండకు చేటు అనే నా మాట మాత్రం మారలేదు. స్కీల వాళ్లు ఎటు చూస్తారో అటే పోతారు. ఈ పలకల వాళ్లు ఒకవైపు చూస్తూ ఇంకోవైపు పోతారు. అలాంటి వాళ్లను నమ్మేదెలా?

అందుకే పరీక్ష. కొండపైకి తీసుకెళ్లే లిఫ్టు ఎక్కి పడకుండా దిగాలి, రెండు వైపులా తిరగాలి, ఆగమన్నచోట ఆగాలి. ఓడెట్ నెగ్గితే పలకలకు దారి తెరుస్తాం. ఓడితే ఇక ఆ మాటే ఎత్తకూడదని కమిటీ తీర్మానం. మేనకోడలని నేను సందు ఇవ్వను, ముందే చెబుతున్నాను.

పని పూర్తిచేశాను. నువ్వు ఒకటి మరిచిపోయావు, నేనే సరిదిద్దాను. మైనానికి ముందు పైన్ చెట్టు తారు పూసి మంటతో కాల్చాను. మా నాన్న స్కీలకు అలాగే చేసేవాడు. తారు లేని అడుగు మీద మైనం నిలుస్తుందా? ఇల్లంతా కమ్మని వాసన.

ఇట్లు,
నీ బావమరిది లూసియన్

తా.క. ఇస్త్రీపెట్టె తుడిచి, డెల్ఫీన్ చూడకముందే అలమరలో ఎక్కడిది అక్కడే పెట్టాను. ఇంత జాగ్రత్త నీకైనా ఉండదు.


క్యాంపు
శనివారం

లూసియన్,

మీ నాన్న స్కీలు ఉత్త చెక్క. ఈ పలక అడుగున ప్లాస్టిక్ ఉంది. చెక్క తారును తాగుతుంది, ప్లాస్టిక్ తాగదు. తారు పైనే ఉండిపోయి మంచును పట్టుకుంటుంది. పిల్ల లిఫ్టు దగ్గరే బోర్లా పడుతుంది.

నీకు యాభై ఏళ్లుగా మంచు తెలుసు. ఇది తెలియదంటే నమ్మలేకపోతున్నాను. కావాలని చేశావా? ఉన్నది ఉన్నట్టు రాయి.

రొసేర్

తా.క. మైనం పట్టిన ఇస్త్రీపెట్టెను మళ్లీ బట్టల మీద పెట్టకూడదు. డెల్ఫీన్‌కు చెప్పు.


పైక్ కొండ
సోమవారం

రొసేర్‌కు,

ఈసారి బావా అని పిలవను.

కావాలని చేశానా? ఎదురుగా నిలబడి నీ పలక మంచిది కాదని చెప్పే దమ్ము నాకుంది, చెప్పాను కూడా. చాటుగా తారు పూసి పిల్లను పడదోసే అవసరం నాకేమిటి? పలకను పెరట్లో మంచు మీద పెట్టి తోశాను. కదల్లేదు. కాలితో తన్నాను. అప్పుడూ కదల్లేదు. మా పిల్లి దాన్ని దాటబోయి, కాళ్లు అంటుకుని మధ్యలో ఆగిపోయింది. తప్పు నాదే. తెలియక చేసిన తప్పు. విరుగుడు ఏమిటో రాయి, కోపం తరవాత పడు.

నీ తా.క. ఈ ఉదయం అందింది. మొన్ననే అందాల్సింది. డెల్ఫీన్ ప్రతి శనివారం ఫాదర్ గోద్రో గారి పూజవస్త్రం ఇస్త్రీ చేస్తుందని నీకు తెలుసుగా? తెల్లటి వస్త్రం. నిన్న ప్రార్థనకి ఆయన ఆశీర్వదిస్తూ చేతులెత్తితే వీపు మీద ఇంత పొడుగున ఆకుపచ్చ ఇస్త్రీపెట్టె. మొన తలవైపు. ముందు వరసలోని ముసలమ్మలు శిలువ వేసుకున్నారు.

డెల్ఫీన్ నన్ను చూసింది. ఇంకా చూస్తూనే ఉంది.

లూసియన్

తా.క. "ఆ మరక మీద ఏ చలిలోనైనా జారచ్చు ఫాదర్" అని ఎవరో అన్నారట. నేను కాదు. డెల్ఫీన్ మాత్రం నేనే అంటోంది.


క్యాంపు
బుధవారం

లూసియన్,

నమ్మాను. ఆ మాట రాసినందుకు క్షమించు.

విరుగుడు. ముందు తెల్ల కొవ్వొత్తి మైనం కరిగించి పట్టు. ఈసారి చల్లారనివ్వకుండా గోరువెచ్చగా ఉండగానే గీకు. తారు మైనంతో పాటు లేచి వస్తుంది. గీకిన పొట్టు నల్లగా వచ్చినంతసేపూ మళ్లీ మళ్లీ చెయ్యి. పొట్టు తెల్లబడ్డాక ఆకుపచ్చది పట్టి, పూర్తిగా చల్లార్చి, గీకి, బ్రష్షుతో రుద్దు. ఆకుపచ్చది గట్టి మైనం, ఎముకలు కొరికే చలికి. ఇప్పుడున్న చలికి అదే సరి.

చెప్పింది చెప్పినట్టు చెయ్యి. సొంత తెలివి వద్దు.

రొసేర్

తా.క. ఫాదర్ సంగతి వంటవాడికి చెప్పాను. తప్పు చేశాను. క్యాంపులో ఎవరూ పని చేయడం లేదు.


పైక్ కొండ
శనివారం

బావా,

పొట్టు తెల్లబడేదాకా గీకాను. మోచేతులు నావి కావనిపిస్తోంది. ఆకుపచ్చ మైనం పట్టాను. అద్దంలా ఉంది. సరిగ్గా అప్పుడు చూరు నుంచి నీళ్లు కారడం మొదలైంది.

ఏటా జనవరిలో వచ్చే మంచు కరుగుడు వచ్చిపడింది. గాలి దక్షిణం తిరిగింది, వాన పడుతోంది. కొండ మీద మంచు నానబెట్టిన రొట్టెలా ఉంది. అలాంటి తడి మంచు మీద గట్టి మైనం సగం దారిలో బిగుసుకుపోతుంది. ఇది మా నాన్న స్కీలకూ అంతే, నీ పలకకూ అంతే.

నీ ఉత్తరం నా ఎదురుగా ఉంది. "సొంత తెలివి వద్దు." నువ్వు చెప్పినట్టే వదిలేస్తే రేపు ఓడెట్ ఓడుతుంది. పలకల మాట ఈ కొండ మీద మళ్లీ ఎవరూ ఎత్తరు. నేను కోరుకున్నదీ అదే. ఎవరూ నన్ను వేలెత్తి చూపలేరు, నీ చేతిరాతే సాక్ష్యం.

పిల్ల ఇప్పుడే వచ్చింది. పలకను అటూ ఇటూ తిప్పి చూసి, "మామయ్యా, నువ్వే చేశావా? నిజంగా?" అంది. వసారాలోకి వచ్చి ఇది రాస్తున్నాను.

లూసియన్

తా.క. ఇది నీకు చేరేసరికి జరగాల్సింది జరిగిపోతుంది. ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు.


క్యాంపు
శనివారం

లూసియన్,

ఇక్కడ చలి విరిగింది. రేడియోలో మీ వైపు వాన అంటున్నారు. ఆకుపచ్చది గీకెయ్యి. తడి మంచుకు పసుపు మైనం కావాలి. నేను పంపలేదు. నీ స్కీల పెట్టెలో ఉంటుంది. సొంత తెలివి వద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఇందాక సిగ్గు విడిచి ఫోను చేశాను. వానకు తీగ తెగిందట, మీ ఊరికి కలవలేదు. ఈ ఉత్తరం కూడా సమయానికి అందదు. అయినా చేతులు ఊరుకోవడం లేదు. పోయిన చలికాలం ఆ పిల్ల మా పెరటి దిబ్బ మీద ఒంటరిగా ఎక్కి దిగి, ఎక్కి దిగి, చీకటిపడ్డా లోపలికి వచ్చేది కాదు. కొండ మీదికి రానివ్వరని తెలిసీ నేర్చుకుంది. అందుకే చెక్కాను. అది చెప్పాలనుకున్నాను, ఇంతకుముందు కుదరలేదు.

రొసేర్

తా.క. నువ్వు ఏం చేసినా నేను ఏమీ అనను.


పైక్ కొండ
సోమవారం

బావా,

అక్షరాలు పిచ్చిగా ఉంటే ఏమీ అనుకోకు, ఎడమ చేత్తో రాస్తున్నాను.

నీ ఆకుపచ్చ మైనాన్ని తెల్లవారేలోపే గీకేశాను. పండగకని దాచుకున్న నా పసుపు మైనం కడ్డీ తీసి, సగం కాదు, మొత్తం పట్టాను. ఓడెట్ పలక పట్టుకుంటే నేను పెట్టె తిప్పాను. "ఆపకు మామయ్యా, ఒకచోట ఆపకు!" అని నీ గొంతుతోనే అరిచింది.

లిఫ్టు ఎక్కింది, దిగింది. పడలేదు. ఎడమకు తిరిగింది, కుడికి తిరిగింది. పక్కనే స్కీల వాళ్లు తడి మంచులో బురదలో నడిచినట్టు కాళ్లీడుస్తున్నారు. మన పిల్ల మాత్రం వాళ్ల మధ్య నుంచి చేప పోయినట్టు పోయింది. చూస్తూ నేను చెయ్యాల్సిన పని మరిచిపోయాను బావా. నా పని ఏమిటంటే, ఎక్కడ ఆగాలో అక్కడ ఎర్ర జెండా పట్టుకుని నిలబడటం, పలక ఆగడానికి పట్టు దొరకని చోట కాకుండా కాస్త ఎగువగా నిలబడటం. నేను దిగువన, నీళ్లు నిలిచిన చోట నిలబడ్డాను.

"మామయ్యా, తప్పుకో!" అంది.

"ఆగు!" అన్నాను నేను.

ఇద్దరం కలిసే టికెట్ల గుడిసె దాకా వెళ్లాం. గుడిసె ఆపింది.

కమిటీ అధ్యక్షుడు స్టిక్నీ రూల్సు కాగితం తీశాడు. "జెండా దగ్గర ఆగాలి, జెండా దాటకూడదు" అని చదివాడు. "ఓడినట్టే" అన్నాడు.

"జెండా ఎక్కడుంది?" అని అడిగాను, మంచులో వెల్లకిలా పడి.

"నీ చేతిలో."

"పిల్ల ఎక్కడుంది?"

"నీ మీద."

"మరి దాటిందా?"

స్టిక్నీ కాగితం చూశాడు, జెండాను చూశాడు, నన్ను చూశాడు. "దాటలేదు" అన్నాడు. "జెండా ముందు, పిల్ల వెనక. చివరిదాకా అంతే."

నెగ్గింది. పలకలకు దారి తెరిచాం. కుడి వైపు కాలరు ఎముక విరిగింది కాబట్టి సంతకం ఎడమ చేత్తో పెట్టాను. ఆ పలకలు కొండకు చేటు అనే నా మాట మారలేదు. ఇప్పుడు రుజువు కూడా ఉంది.

ఇట్లు,
నీ బావమరిది లూసియన్

తా.క. కమిటీ ఇవాళ కొత్త రూలు రాసింది. ఇకమీదట జెండాను మంచులో పాతాలి, చుట్టాల చేతికి ఇవ్వకూడదు.